కోర్సు డ్రాప్ నొక్కేముందు ఒక్కసారి ఈ లెక్క వేసుకోండి

ఫాఫ్సా (ప్రభుత్వ విద్యాసాయం కోసం పెట్టుకునే దరఖాస్తు) నింపేశాం, తిరిగి కట్టక్కర్లేని పెల్ గ్రాంటు వచ్చింది, ఇక నాలుగేళ్లూ డబ్బుకు ఢోకా లేదు అనుకునే కుటుంబాలు అమెరికాలో మనవాళ్లలో చాలానే ఉన్నాయి. ఫాఫ్సా తేల్చేది మీ ఇంటికి ఎంత సాయం అవసరమో అన్నది. ఆ సాయం ప్రతి సెమిస్టరూ నిజంగా అకౌంట్లో పడాలంటే, విద్యార్థి చదువు సరైన వేగంతో డిగ్రీ వైపు సాగుతోందని కాలేజీ విడిగా లెక్క చూసి ఒప్పుకోవాలి. దాన్నే శాటిస్‌ఫాక్టరీ అకడమిక్ ప్రోగ్రెస్ అంటారు. ఈ సాయం (ఎయిడ్) వ్యవహారాలు చూసే ఎయిడ్ ఆఫీసుల్లో పొట్టిగా సాప్.

పెల్ గ్రాంటు, విద్యార్థి పేర ప్రభుత్వం ఇచ్చే డైరెక్ట్ లోన్లు, తల్లిదండ్రులు తీసుకునే పేరెంట్ ప్లస్ లోన్, చదువుతూ పనిచేసి సంపాదించుకునే వర్క్ స్టడీ, ఇవన్నీ ఈ ఒక్క లెక్క మీదే ఆధారపడి ఉంటాయి. సాప్ పోతే అన్నీ ఆగుతాయి. 2025-26లో పెల్ గరిష్ఠంగా 7,395 డాలర్లు, తల్లిదండ్రుల మీద ఆధారపడ్డ మొదటి ఏడాది విద్యార్థికి డైరెక్ట్ లోన్ 5,500 డాలర్లు. రెండూ పూర్తిగా వస్తున్న పిల్లవాడికి సాప్ పోతే ఏడాదికి 12,895 డాలర్లు ఒక్క ఈమెయిల్‌తో పోయినట్టే.

ముందుగా ఒక మాట. ఫెడరల్ సాయం సిటిజన్లకు, గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకు, ఇంకా కొన్ని ప్రత్యేక వర్గాల వాళ్లకు మాత్రమే. ఎఫ్-1, హెచ్-4 వీసాల మీద చదివేవాళ్లకు అది రాదు. అయినా యూనివర్సిటీ తన సొంత డబ్బుతో ఇచ్చే స్కాలర్‌షిప్పులకు ఇలాంటి షరతులే పెడుతుంది కాబట్టి, కింద చెప్పే లెక్కలు వాళ్లకూ పనికొస్తాయి.

సాప్‌లో చూసేవి మూడు: జీపీఏ, పేస్, గరిష్ఠ కాలపరిమితి. జీపీఏ, అంటే గ్రేడు పాయింట్ల సగటు, అందరికీ తెలుసు. మిగతా రెండూ ఉన్నాయని చాలామందికి ఎయిడ్ ఆగిన రోజునే తెలుస్తుంది. ఫెడరల్ నియమం గట్లు మాత్రమే వేస్తుంది. ఆ గట్ల లోపల ఏ కాలేజీ పాలసీ దానిదే, కొన్నిచోట్ల ఇంకా కఠినంగానూ ఉంటుంది. కాలేజీ వెబ్‌సైట్లో సాప్ పాలసీ పేజీ తప్పకుండా ఉంటుంది, ఫాల్ సెమిస్టర్ మొదలవకముందే దాన్ని చదివి పెట్టుకోండి.

పేస్: ఎక్కువమందిని దెబ్బతీసేది ఇదే

ఇప్పటిదాకా పాసైన క్రెడిట్లను (ఒక్కో కోర్సు బరువును కొలిచే అంకెలు), ఇప్పటిదాకా ప్రయత్నించిన క్రెడిట్లతో భాగిస్తే వచ్చేది పేస్. చాలా కాలేజీల్లో అది 67 శాతం ఉండాలి. ఇది ఒక్క సెమిస్టర్ లెక్క కాదు, ఆ కాలేజీలో చేరిన రోజు నుంచి మొత్తం కలిపి చూస్తారు. ఎయిడ్ తీసుకోకుండా సొంత డబ్బుతో చదివిన సెమిస్టర్లూ అందులో కలుస్తాయి.

మోసపోయేది ఎక్కడంటే "ప్రయత్నించిన" అన్న మాట దగ్గర. ఎఫ్ వస్తే ప్రయత్నించినట్టు, పాస్ కానట్టు. ఇది ఎవరైనా ఊహిస్తారు. కానీ మధ్యలో విత్‌డ్రా అయి ట్రాన్స్‌క్రిప్ట్ (గ్రేడుల పత్రం) మీద డబ్ల్యూ పడినా లెక్క అదే. ఇన్‌కంప్లీట్ అని ఐ పడినా అదే, అది గ్రేడుగా మారేదాకా. డబ్ల్యూ జీపీఏని తాకదు కాబట్టి పిల్లలు దాన్ని క్షేమమైన దారి అనుకుంటారు. "బీ మైనస్ వచ్చేలా ఉంది, డ్రాప్ చేసేయ్, జీపీఏ పాడవదు" అని స్నేహితులూ సీనియర్లూ సలహా ఇస్తారు. మెడికల్ స్కూల్‌కి వెళ్లాలనుకునే పిల్లల్లో ఈ అలవాటు మరీ ఎక్కువ. జీపీఏ 3.8 ఉండి కూడా పేస్ తగ్గి ఎయిడ్ పోవడం ఇలాగే జరుగుతుంది.

అంకెల్లో చూడండి. సెమిస్టర్‌కి 15 క్రెడిట్లు, మూడేసి క్రెడిట్ల కోర్సులు ఐదు. ఒకటి డ్రాప్ చేస్తే 12/15, అంటే 80 శాతం, ఇబ్బంది లేదు. రెండు డ్రాప్ చేస్తే 9/15, అంటే 60 శాతం. మొదటి సెమిస్టర్‌లోనే ఇలా జరిగితే రెండే రెండు డబ్ల్యూలతో గీత కిందికి జారిపోయినట్టు.

సెమిస్టర్ మొదట్లో కోర్సులు మార్చుకోవడానికి ఇచ్చే యాడ్-డ్రాప్ గడువు లోపల తీసేస్తే ఆ కోర్సు ట్రాన్స్‌క్రిప్ట్ మీదే ఉండదు, లెక్కలోకీ రాదు. ఆ గడువు సాధారణంగా మొదటి వారం, రెండు వారాల్లోనే ముగుస్తుంది. అందుకే సిలబస్ చేతికొచ్చిన మొదటి వారంలోనే ఏ కోర్సు మొయ్యగలం, ఏది మొయ్యలేం అని తేల్చుకోవడం మంచిది. మిడ్‌టర్మ్ మార్కులు చూసి నిర్ణయించుకునేసరికి ఆ తలుపు మూసుకుపోయి ఉంటుంది.

పేస్ పడిపోతే ఎంత చదివితే మళ్లీ పైకొస్తుందో తెలుసుకోవడానికి చిన్న సూత్రం ఉంది. ప్రయత్నించిన క్రెడిట్లను రెండుతో హెచ్చవేయండి. పాసైన క్రెడిట్లను మూడుతో హెచ్చవేసి, మొదటి దాంట్లోంచి తీసెయ్యండి. మిగిలినన్ని క్రెడిట్లు ఒక్కటీ వదలకుండా పాసైతే మూడింట రెండొంతులకు చేరతారు. 30 ప్రయత్నించి 18 పాసైన విద్యార్థికి 60 లోంచి 54 పోతే 6. అంటే రెండు కోర్సులు. 60 ప్రయత్నించి 36 పాసైతే 120 లోంచి 108 పోతే 12, అంటే దాదాపు ఒక సెమిస్టర్. శాతం రెండు చోట్లా 60 మాత్రమే, కానీ ఆలస్యమైనకొద్దీ తీర్చాల్సిన బాకీ పెరుగుతుంది.

ఇక్కడో సూక్ష్మం ఉంది. ఆ రెండో విద్యార్థి 12 క్రెడిట్లూ పాసైతే 48/72, అంటే 66.67 శాతం. పాలసీలో 66.67 అని రాసుంటే గట్టెక్కినట్టే. 67 అని రాసి ఉండి, దశాంశాలను పైకి సవరించకపోతే గీతకు వెంట్రుకవాసి కింద ఆగిపోయినట్టే. మీ కాలేజీ ఎలా సవరిస్తుందో ఎయిడ్ ఆఫీసును ఈమెయిల్‌లో అడిగి, జవాబు దాచుకోండి.

కమ్యూనిటీ కాలేజీలో (రెండేళ్ల స్థానిక కాలేజీ) సమ్మర్ కోర్సు తీసుకుని ట్రాన్స్‌ఫర్ చేసుకుంటే, మీ డిగ్రీకి ఒప్పుకున్న క్రెడిట్లు రెండు వైపులా కలుస్తాయి, ప్రయత్నించినట్టూ పాసైనట్టూ. కాబట్టి పేస్ బాగుపడుతుంది. కానీ ట్రాన్స్‌ఫర్ అయిన కోర్సు గ్రేడును చాలా కాలేజీలు తమ జీపీఏలో కలపవు. పేస్ సమస్యకు ఇది చక్కటి మందు, జీపీఏ సమస్యకు మాత్రం కాదు. తీసుకునే ముందు ఆ కోర్సు ట్రాన్స్‌ఫర్ అవుతుందని అడ్వైజర్ చేత రాతలో చెప్పించుకోండి.

జీపీఏ, మళ్లీ చదివే కోర్సులు

రెండేళ్లకు మించిన ప్రోగ్రాముల్లో, రెండో ఏడాది ముగిసేసరికి సగటున సీ గ్రేడు గానీ, ఆ కాలేజీలో డిగ్రీ పూర్తి చేయడానికి సరిపడే స్థాయి గానీ ఉండాలని ఫెడరల్ నియమం. చాలా కాలేజీలు 2.0 అని పెట్టుకుంటాయి. కొన్ని మొదటి ఏడాదికి కాస్త తక్కువతో మొదలుపెట్టి పెంచుకుంటూ పోతాయి. మాస్టర్స్‌కి ఎక్కువచోట్ల 3.0.

జీపీఏ లోటు పూడ్చడంలో ఒక అపోహ ఉంది. "వచ్చే సెమిస్టర్ అన్నీ పాసైతే చాలు" అనుకుంటారు. ఒక్కో క్రెడిట్‌కి బీ అయితే 3 పాయింట్లు, సీ అయితే 2, ఎఫ్ అయితే 0. 30 క్రెడిట్లకు 1.7 ఉన్న విద్యార్థికి 51 పాయింట్లున్నట్టు. 2.0కి కావలసింది 60. లోటు 9. ఇకమీద అన్నీ సీలే తెచ్చుకుంటే ఆ 9 అలాగే ఉంటుంది, ఎన్ని సెమిస్టర్లు చదివినా 2.0ని ముట్టుకోలేరు. బీ వస్తే ఒక్కో క్రెడిట్‌కి ఒక పాయింటు మిగులుతుంది, కాబట్టి 9 క్రెడిట్ల బీలు కావాలి. సీ మైనస్ వచ్చిందా, లోటు ఇంకా పెరుగుతుంది.

అందుకే ఎఫ్ వచ్చిన కోర్సును మళ్లీ చదవడమే చాలాసార్లు దగ్గరి దారి. పాత గ్రేడు స్థానంలో కొత్తది తీసుకునే పాలసీ ఉన్న కాలేజీలో, నాలుగు క్రెడిట్ల కెమిస్ట్రీలో ఎఫ్ పోయి బీ వస్తే, ఎనిమిది పాయింట్ల లోటు పోయి నాలుగు పాయింట్లు మిగులుతాయి. అయితే పేస్‌లో మాత్రం పాత ప్రయత్నం చెరిగిపోదు. ఎనిమిది క్రెడిట్లు ప్రయత్నించి నాలుగు పాసైనట్టే ఉంటుంది. ఇంకొకటి, పాస్ మార్కు వచ్చిన కోర్సును గ్రేడు పెంచుకోవడానికి మళ్లీ తీసుకుంటే ఎయిడ్ ఒక్కసారికే లెక్కలోకి వస్తుంది. డీ వచ్చిన కాల్క్యులస్‌ను మూడోసారి తీసుకునేటప్పుడు ఆ క్రెడిట్లు మీ ఎన్‌రోల్‌మెంట్‌లో కలవవు. ఫుల్ టైమ్ అనుకున్నది తగ్గి పెల్ తగ్గిపోవచ్చు, సగానికన్నా కిందికి వెళ్తే లోన్లూ ఆగుతాయి.

గరిష్ఠ కాలపరిమితి: బాగా చదివే పిల్లలకూ తగిలేది

ప్రోగ్రాముకు ఎన్ని క్రెడిట్లు కావాలో దానికి ఒకటిన్నర రెట్లు దాటి ప్రయత్నించకూడదు. 120 క్రెడిట్ల డిగ్రీకి 180, 60 క్రెడిట్ల, రెండేళ్ల అసోసియేట్ డిగ్రీకి 90. కానీ 180 దాటేదాకా ఎవరూ ఆగరు. ఆ పరిమితిలోపల డిగ్రీ పూర్తికావడం లెక్క ప్రకారం అసాధ్యమని తేలిన రోజే ఎయిడ్ ఆగుతుంది.

బయాలజీలో 130 క్రెడిట్లు ప్రయత్నించి 110 పాసైన అమ్మాయి కంప్యూటర్ సైన్స్‌కి మారిందనుకోండి. జీపీఏ 3.5, పేస్ 85 శాతం, వంక పెట్టడానికేమీ లేదు. కానీ ఆ 110లో కొత్త డిగ్రీకి పనికొచ్చేవి 60 మాత్రమే. ఇంకా 60 కావాలి. 130కి 60 కలిపితే 190, అంటే 180 దాటింది. మేజర్ (డిగ్రీలో ప్రధాన సబ్జెక్టు) మార్చిన వెంటనే ఎయిడ్ ఆగిపోవచ్చు. మేజర్ మారినవాళ్లకు కొత్త డిగ్రీకి పనికిరాని పాత క్రెడిట్లను పక్కనపెట్టి లెక్కించే స్వేచ్ఛ కాలేజీలకు ఉంది. అలా చేస్తాయా, ఎన్నిసార్లు చేస్తాయి అన్నది పాలసీలోనే ఉంటుంది. మేజర్ మార్పు కాగితం మీద సంతకం పెట్టేముందు ఎయిడ్ ఆఫీసుకు వెళ్లి ఈ ఒక్క ప్రశ్న అడగాలి. డబుల్ మేజర్ ఆలోచించేవాళ్లూ ఇదే అడగాలి. హైస్కూల్లో ఉండగానే కాలేజీ కోర్సులు చదివే డ్యూయల్ ఎన్‌రోల్‌మెంట్‌తో తెచ్చుకున్న క్రెడిట్లు కూడా ట్రాన్స్‌ఫర్ అయితే ఇందులో చేరతాయని మరిచిపోకండి.

దీనితో కలిపేసుకోకూడని ఇంకో పరిమితి పెల్‌కి ఉంది: జీవితకాలంలో 600 శాతం, అంటే ఫుల్ టైమ్ సెమిస్టర్లు పన్నెండు. సాప్ ఎంత బాగున్నా అది అయిపోతే పెల్ అయిపోయినట్టే.

ఎప్పుడు చూస్తారు, ఏమవుతుంది

కొన్ని కాలేజీలు ప్రతి సెమిస్టర్ చివరా చూస్తాయి, కొన్ని ఏడాదికొకసారి, ఎక్కువగా స్ప్రింగ్ తర్వాత. ఇది చిన్న తేడా కాదు. సెమిస్టర్ సెమిస్టర్‌కీ చూసే చోట మొదటిసారి తప్పితే వార్నింగ్ అని ఒక సెమిస్టర్ వెసులుబాటు ఇవ్వొచ్చు. అప్పీల్ లేకుండానే ఆ సెమిస్టర్ ఎయిడ్ వస్తుంది. ఏడాదికొకసారి చూసే చోట వార్నింగ్ అనేదే లేదు. ఫాల్‌లో జరిగిన తప్పు మే నెల దాకా ఎవరూ చెప్పరు, తర్వాత నేరుగా ఎయిడ్ సస్పెన్షన్, అంటే సాయం ఆపేయడం. అలాంటి కాలేజీలో డిసెంబర్ గ్రేడ్లు రాగానే మీ లెక్క మీరే వేసుకోవాలి.

చదువు బాగాలేదని డీన్ ఆఫీసు పెట్టే అకడమిక్ ప్రొబేషన్ వేరు, ఈ ఎయిడ్ సస్పెన్షన్ వేరు. డీన్ ఆఫీసు మళ్లీ చేర్చుకున్నంత మాత్రాన ఎయిడ్ తిరిగి రాదు, రెండు ఆఫీసులకూ విడివిడిగా అర్జీ పెట్టుకోవాలి. అలాగే ఒక సెమిస్టర్ ఖాళీగా కూర్చున్నా, సొంత డబ్బు కట్టి చదివినా, దానంతటదే ఎయిడ్ తిరిగి రాదు. ఆ చదువుతో జీపీఏ, పేస్ మళ్లీ గీత దాటితేనే వస్తుంది.

సెమిస్టర్ మధ్యలో అన్ని కోర్సులూ వదిలేస్తే సాప్‌తో పాటు ఇంకో దెబ్బ తగులుతుంది. సెమిస్టర్‌లో 60 శాతం రోజులు దాటకముందే వెళ్లిపోతే, గడిచిన రోజుల మేరకే ఎయిడ్ మీది. పదిహేను వారాల సెమిస్టర్‌లో అది తొమ్మిది వారాలు నిండాక దాటుతుంది. 40 శాతం దగ్గర వదిలేస్తే 5,000 డాలర్లలో 2,000 మాత్రమే దక్కినట్టు, మిగతా 3,000 వెనక్కి వెళ్లాల్సిన డబ్బు. కాలేజీ తన వాటా ప్రభుత్వానికి పంపేసి, ఆ ఫీజు బిల్లు మీకు వేస్తుంది. బిల్లు కట్టకపోతే మళ్లీ రిజిస్టర్ కానివ్వకపోవచ్చు. చెప్పకుండా క్లాసులు మానేసి అన్నిట్లో ఎఫ్‌లు తెచ్చుకుంటే, చివరిదాకా హాజరయ్యాడా లేదా అని కాలేజీ విచారించి ఇదే లెక్క కట్టగలదు.

అప్పీల్

అప్పీల్‌కి (సాప్ తప్పినా ఎయిడ్ ఇవ్వమని కాలేజీని కోరే అర్జీ) కారణాలను నియమమే చెబుతుంది: బంధువు మరణం, విద్యార్థికి గాయం లేదా జబ్బు, ఇతర ప్రత్యేక పరిస్థితులు. లేఖ రెండు ప్రశ్నలకు జవాబివ్వాలి. ఎందుకు తప్పింది? ఇప్పుడు ఏం మారింది? రెండోదాన్ని అందరూ ఒక్క వాక్యంతో సరిపెడతారు, అక్కడే అప్పీల్ పోతుంది. "ఇకమీద కష్టపడి చదువుతాను" అన్నది మార్పు కాదు. వారానికి 30 గంటల ఉద్యోగాన్ని 12కి తగ్గించుకున్నాననీ, మేనేజర్ ఇచ్చిన లేఖ జతచేశాననీ రాస్తే అది మార్పు. ఫలానా తేదీ నుంచి డాక్టర్ దగ్గర చికిత్స నడుస్తోందనీ, ఇప్పుడు క్లాసులకు వెళ్లగల స్థితిలో ఉన్నాననీ రాసి, డాక్టర్ లేఖ పెడితే అది మార్పు.

ఒక పేజీ చాలు. ట్రాన్స్‌క్రిప్ట్ పక్కన పెట్టుకుని, పాడైన ప్రతి సెమిస్టర్‌కీ కారణం, తేదీలు రాయండి. 2024 ఫాల్‌లో ఆపరేషన్ జరిగితే 2025 స్ప్రింగ్ ఎఫ్‌లకు అది ఎలా కారణమో కూడా రాయాలి, లేకపోతే కమిటీ అదే అడుగుతుంది. తర్వాత అడ్వైజర్‌తో కూర్చుని మిగిలిన సెమిస్టర్ల ప్లాన్ తయారు చేసుకోండి. ఏ సెమిస్టర్‌లో ఏ కోర్సులు, ఎన్ని క్రెడిట్లు, ఎప్పటికి పేస్, జీపీఏ గీత దాటతాయి, ఇవన్నీ అందులో ఉండాలి. పైన చెప్పిన సూత్రం ఇక్కడ పనికొస్తుంది. క్లాస్ కష్టంగా ఉందనో, ప్రొఫెసర్ మంచివాడు కాదనో, పాలసీ తెలియదనో రాసిన అప్పీళ్లు నిలబడటం కష్టం.

తాతయ్యో అమ్మమ్మో ఇండియాలో పోయి, పిల్లలు సెమిస్టర్ మధ్యలో వెళ్లాల్సి రావడం మన ఇళ్లలో తరచూ జరిగేదే. బంధువు అంటే తల్లిదండ్రులే అని నియమంలో లేదు, కాబట్టి వెనకాడకండి. మున్సిపాలిటీ లేదా పంచాయతీ ఇచ్చిన మరణ ధ్రువపత్రం, అది తెలుగులో మాత్రమే ఉంటే ఇంగ్లిష్ అనువాదం, చుట్టరికం తెలిసే ఏదైనా కాగితం, విమానం టికెట్లు లేదా బోర్డింగ్ పాస్‌లు జతచేయండి. పదకొండో రోజు, పన్నెండో రోజు కర్మల కోసం ఉండాల్సి వచ్చిందంటే, ఆ ఆచారం ఏమిటో, ఎన్ని రోజులు పట్టిందో రెండు వాక్యాల్లో వివరించండి. చదివే ఆఫీసరుకు అది తెలిసి ఉండకపోవచ్చు.

అమ్మానాన్నలకు ఒక సంగతి. అప్పీల్ విద్యార్థే రాయాలి, విద్యార్థే పంపాలి, అదీ కాలేజీ ఈమెయిల్ నుంచి. ఫెర్పా చట్టం ప్రకారం కాలేజీలో చేరాక చదువు రికార్డుల మీద హక్కు విద్యార్థిది. ఫీజు మీరే కడుతున్నా, పిల్లలు సంతకం చేసిన అనుమతి లేకపోతే ఫోన్లో మీతో మాట్లాడకపోవచ్చు. ఆ అనుమతి ఫారం మొదటి సెమిస్టర్‌లోనే ఇంట్లో మాట్లాడుకుని పెట్టించుకోండి. గొడవ వచ్చాక అడిగితే సిగ్గుతో, భయంతో పిల్లలు దాచేస్తారు. సస్పెన్షన్ ఈమెయిల్‌ను రెండు నెలలు ఎవరికీ చెప్పకపోతే అప్పీల్ గడువు దాటిపోతుంది.

అప్పీల్ ఒప్పుకుంటే ఒక సెమిస్టర్ ఎయిడ్ ప్రొబేషన్ (ఒక సెమిస్టర్ గడువు) మీద ఎయిడ్ వస్తుంది, లేదా అకడమిక్ ప్లాన్ ఇస్తారు. ప్లాన్‌లో "అన్ని కోర్సులూ సీ పైన, ఒక్క డబ్ల్యూ కూడా వద్దు" లాంటి షరతులుంటాయి. అది సంతకం చేసిన ఒప్పందం. ఆ సెమిస్టర్‌లో ఎంత కష్టమైనా డ్రాప్ చేసేముందు ఎయిడ్ ఆఫీసును అడగాలి. ఒప్పుకోకపోతే కారణం అడిగి తెలుసుకోండి. కాగితాలు సరిపోలేదంటే మళ్లీ పెట్టనిస్తారేమో కనుక్కోండి. అప్పీల్ అసలు స్వీకరించాలని కాలేజీలకు నిర్బంధం లేదు, కానీ అర్హత తిరిగి ఎలా తెచ్చుకోవాలో మాత్రం పాలసీలో చెప్పాలి.

నిర్ణయం వచ్చేలోపు బిల్లు గడువు ఆగదు. ఫీజు కట్టలేదని క్లాసుల్లోంచి తీసేయకుండా ఫీజులు వసూలు చేసే బర్సార్ ఆఫీసులో వాయిదాల ప్లాన్ పెట్టించుకోండి. గ్రేడు రావాల్సిన ఇన్‌కంప్లీట్ ఏదైనా ఉంటే అది పూర్తిచేసి, గ్రేడు పడ్డాక సాప్ మళ్లీ లెక్కించమని స్వయంగా అడగండి. చాలాచోట్ల దానంతటదే జరగదు.

రాష్ట్రాల సాయం

సాప్ నెగ్గినా రాష్ట్రం ఇచ్చే డబ్బు పోవచ్చు, ఆ గీతలు ఇంకా పైన ఉంటాయి. జార్జియాలో హోప్ స్కాలర్‌షిప్ నిలవాలంటే 3.0 ఉండాలి. 30, 60, 90 క్రెడిట్లు ప్రయత్నించినప్పుడూ, ప్రతి స్ప్రింగ్ చివరా చూస్తారు. ఒకసారి పోతే 30, 60, 90 దగ్గర తిరిగి తెచ్చుకోవచ్చు, రెండుసార్లు పోతే ఇక లేదు. అక్కడిదే ఇంకో స్కాలర్‌షిప్ జెల్ మిల్లర్‌కి 3.3. టెక్సాస్‌లో టెక్సాస్ గ్రాంటుకు రెండో ఏడాది నుంచి 2.5 జీపీఏ, 75 శాతం పేస్, ఏడాదికి 24 క్రెడిట్లు. ఫ్లోరిడాలో బ్రైట్ ఫ్యూచర్స్ స్కాలర్‌షిప్ పై స్థాయికి 3.0, రెండో స్థాయికి 2.75. పిల్లలకు వచ్చే సాయం వివరాలుండే అవార్డ్ లెటర్లో ఉన్న ప్రతి వరుస ఎదురుగా దాని జీపీఏ, క్రెడిట్లు, చూసే తేదీ రాసి పెట్టుకోండి. వీటిలో అన్నిటికన్నా కఠినమైన గీత ఏదో, డ్రాప్ నిర్ణయానికి కొలత అదే.